ఒకే పేరుతో దిగినవాళ్ళు

గని పైన, కిందికి దిగే కూలీలకు దీపాలిచ్చే గదిలో పనిచేసే ఆమెకు ఆ సాయంత్రం ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళ కిందట గని పైకప్పు కూలి ఆమె భర్త చనిపోతే, ఆ చావు బయటపడకుండా మేస్త్రీ అతని పేరును కొత్త కూలీకి తగిలించాడు. అతనూ గనిలోనే చనిపోతే ఇంకొకడికి, ఆ తర్వాత మరొకడికి. కాగితాల మీద ఆ పేరు గల మనిషి ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాడు. ఇవాళ మేస్త్రీ అదే పేరుతో ఆమె తమ్ముణ్ణి కిందికి దించాడు.

"ఏ పేరైతే ఏంటమ్మా, పని దొరికింది కదా," అన్నాడు మేస్త్రీ.

"అయితే మీ పేరు పెట్టి దింపకపోయారా?"

అతను పక్కగదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

చీకటి పడ్డాక తమ్ముడు తప్ప అందరూ పైకొచ్చారు. ఆమె గనిలోకి మాట్లాడే ఫోనెత్తి, వాణ్ణి సొంత పేరుతో పిలిచింది. నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప జవాబు లేదు. పళ్ళు కొరుక్కుంటూ, భర్త పేరుతో పిలిచింది.

"ఆఁ, అక్కా," అన్నాడు తమ్ముడు నీరసంగా.

"ఆఁ," అంది వాడి వెనక ఇంకో గొంతు. దాని వెనక మరొకటి.

అన్నిటికన్నా వెనక, ఇరవై ఏళ్ళుగా ఆమె వినని గొంతు, "వీణ్ణి పంపిస్తాం. మేస్త్రీని దింపు," అంది.

ఆమె ఫోను పెట్టేసింది. ఒక దీపం వెలిగించి, పక్కగది తలుపు తట్టింది.

"మేస్త్రీ గారూ, కింద మిమ్మల్ని అడుగుతున్నారు."