పేర్లు మార్చిన కథ

టీవీ సీరియల్లోని మనుషులను తీసుకుని నేను వారం వారం ఫోన్‌లో కథల యాప్‌లో రాసిన కథను పుస్తకంగా వేస్తామన్నారు ప్రచురణకర్త. షరతు ఒక్కటే, చదివినవాళ్ళు ఆ సీరియల్‌ను పోల్చుకోకూడదు.

పేర్లు మార్చాను. నగరం తీసేసి రాజోలు పెట్టాను. బంగళా పెంకుటిల్లయింది. అరువు మనుషులు పోయాక ఇక ఇందులో నాదంటూ ఏం మిగిలిందని అనుమానం పట్టుకుంది.

పోలిక తెలుస్తుందో లేదో పరీక్షించడానికి మా అత్తగారు హన్నాగారిని మించినవారు లేరు. ఆ సీరియల్లోని గయ్యాళి అత్తను తిట్టనిదే ఆవిడకు అన్నం సహించదు. కాగితాలు చేతికిచ్చాను. కళ్ళజోడు తుడుచుకుంటూ మొత్తం చదివారు.

"ఇదంతా ఎక్కడో చూసినట్టుందాండీ, అత్తయ్యగారూ?"

"ఆయ్, చూడకేం."

నా పుస్తకం గోదాట్లో కలిసిందనుకున్నాను. "సీరియల్లోనాండీ?"

"సీరియలేంటమ్మా షైనీ? కోడలు దించిన కూరలో చెప్పకుండా ఉప్పేసేదెవరు? పాస్టరమ్మగారి ముందు 'మా కోడలికి చదువెక్కువ, చెయ్యి నిదానం' అనేదెవరు? నేను కాదూ?"

"అయ్యో, కాదండీ. ఆవిడ టీవీలో అత్తగారేనండీ. పేరొక్కటే మార్చేను."

ఆవిడ కాగితాలు పొందిగ్గా సర్ది నా ఒళ్ళో పెట్టారు.

"బాగా రాసేవు. పుస్తకం వేయించుకో. ఆవిడకి మాత్రం ఆ టీవీ పేరే మళ్ళీ పెట్టెయ్యమ్మా. చర్చిలో అందరూ దాన్నే తిట్టుకుంటారు."