సున్నాకి ఎంత దూరం

"ఇవాళ బోర్డు మీద ఎంత రాశారు?" పసిగుడ్డుకు పాలిస్తూనే అడిగింది తల్లి.

"మైనస్ తొమ్మిది," అంది కసుబా, గుమ్మం పక్కన చెప్పులు విడుస్తూ.

"నిన్న పన్నెండు కదూ?"

"మైనస్ పన్నెండు."

"ఆ మైనస్సేమిటో నాకు అర్థమై చావదు. పెరిగినట్టా, తగ్గినట్టా?"

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే కసుబా దారంతా నడిచొచ్చింది.

రాగి గని అడుగున సొరంగం కప్పు కూలి, ఆమె తండ్రి ముసొండాతో పాటు ఇంకొందరు అవతల చిక్కుకుపోయారు. ఇవతలి నుంచి బండలు తొలుస్తున్నారు. ఈలోగా కింది నుంచి నీళ్ళు ఊరుతున్నాయి. చిక్కుకున్నవాళ్ళు నిలబడ్డ నేలను సున్నాగా పెట్టుకుని, నీరు దానికి ఎన్ని మీటర్ల కింద ఉందో ఫోర్‌మన్ సింకాలా రోజూ పొద్దున్నే గేటు దగ్గర బోర్డు మీద రాస్తున్నాడు. మైనస్ తొమ్మిదంటే, నాన్న పాదాలకు తొమ్మిది మీటర్ల కింద. నిన్నటికంటే మూడు మీటర్లు పైకి.

మిగతా ఇళ్ళ ఆడవాళ్ళంతా గేటు ముందు మట్టిలోనే కూర్చుని ఉన్నారు. అమ్మ పచ్చి బాలింత, గడప దాటలేదు. గని కూలిన రోజే మంత్రసాని కసుబాని పక్కకి పిలిచి చెప్పింది, "మీ అమ్మ బెంగ పెట్టుకుందా, పాలు ఎండిపోతాయి. ఆ బిడ్డ దక్కదు. నోరు జాగ్రత్త." ఇరుగుపొరుగు కూడా గుమ్మం దాకా వచ్చి, పిండో కూరాకో పెట్టేసి, మాట్లాడకుండా వెళ్ళిపోతున్నారు.

"గుర్తు సంగతి వదిలెయ్యమ్మా," అంది కసుబా. "ప్లస్సా మైనస్సా అని చూడకుండా ఒట్టి అంకె చూడాలి. పరమమూల్యం అంటారు దాన్ని. పన్నెండు కాస్తా తొమ్మిదయింది. తగ్గినట్టేగా."

"నీళ్ళు తగ్గాయా?"

"తగ్గాయి."

పూర్తిగా అబద్ధమేం కాదు. తగ్గిన మాట నిజమే. తగ్గింది నీటికీ నాన్నకీ మధ్య దూరం.

ఈ లెక్కలు ఆమెకు చెప్పింది నాన్నే. సాయంత్రాలు డ్యూటీ దిగొచ్చి, బొగ్గుల కుంపటి పక్కన గొంతుక్కూర్చునేవాడు. "లిఫ్టు నేల కింద ఆరో అంతస్తులో ఉంది. నాలుగు అంతస్తులు పైకి లాగాం. ఎక్కడుంది?" కసుబా ఎప్పుడూ "పది" అనేది. "అయితే గాల్లో వేలాడుతోందన్నమాట," అని నవ్వేవాడు. "మైనస్ ఆరుకి ప్లస్ నాలుగు కలిపితే మైనస్ రెండే తల్లీ. ఇంకా చీకట్లోనే ఉన్నాం." అమ్మ అవతల గుమ్మడాకు తరుక్కుంటూ, "మీ లెక్కలు మీరు చూసుకోండి, నన్ను లాగకండి," అనేది.

మర్నాడు వాన పడింది. వాన నీరు ఐదు మీటర్లు ఎక్కించిందనీ, పంపులు రెండు మీటర్లు దించాయనీ గేటు దగ్గర అనుకున్నారు. బోర్డు చూడకముందే కసుబా మనసులో లెక్క కట్టేసింది. మైనస్ ఆరు. జీవితంలో మొదటిసారి తన లెక్క తప్పు కావాలని కోరుకుంది. కాలేదు.

"ఆరు," అంది ఇంటికొచ్చి.

"ఇంకా తగ్గిందన్నమాట. రా, తిను." తల్లి జొన్నపిండి ముద్దా, ఎండు చేపల కూరా ముందు పెట్టింది. "మీ నాన్న వచ్చేసరికి ఇలా పుల్లలా కనబడ్డావంటే నన్ను తిడతాడు."

కసుబా మట్టి నమిలినట్టు నమిలింది.

తర్వాత నాలుగు. తర్వాత రెండు. పంపుల్లో ఒకటి కాలిపోయింది. చివరికి బోర్డు మీద సున్నా పడిన పొద్దున గేటు దగ్గర ఎవరూ ఏడవలేదు. ఒకావిడ మెల్లగా నేలమీద పడుకుని, ఒంటికి చుట్టుకున్న చితెంగె గుడ్డ ముఖం మీదికి లాక్కుంది.

"సున్నా," అంది కసుబా గుమ్మంలోనే నిలబడి.

"సున్నా అంటే ఏమీ లేనట్టేగా," అంది తల్లి.

"ఏమీ లేనట్టే."

"నీళ్ళే లేవన్నమాట."

"లేవమ్మా."

తల్లి బిడ్డను జోకొట్టడానికి గోడవైపు తిరిగింది. బిడ్డ నిద్రపోయాక కూడా ఇటు తిరగలేదు.

ఆ మర్నాడు ప్లస్ రెండు. నాన్న రెండు మీటర్ల పొడుగు లేడు. ఇంటికొచ్చేదాకా కసుబాకి అబద్ధం దొరకలేదు. "ప్లస్," అని ఆగిపోయింది.

"మైనస్ పోయిందా? మంచిదేగా," అంది తల్లి. "కాళ్ళు కడుక్కో, ముద్ద చల్లారిపోతోంది."

ఇంత అమాయకురాలేమిటని కసుబాకి ఒళ్ళు మండింది. ఈ భారమంతా తన ఒక్కదాని నెత్తినే పెట్టి, కుంపటి విసురుకుంటూ కూర్చుంది. కసుబా పెరట్లోకి పోయి, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, లోపలికెళ్ళి ముద్ద తింది.

మధ్యాహ్నం సింకాలా వచ్చాడు. హెల్మెట్ చేతిలో పట్టుకుని ఉన్నాడు. కసుబా వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"ఇప్పుడే చెప్పకు మామా. అమ్మకి తెలీదు. నీళ్ళు తగ్గుతున్నాయని చెప్పాను."

"బోర్డు మీద అంకెలు చెప్పలేదా?"

"చెప్పాను. మైనస్సులంటే అమ్మకి తెలీదు కదా. అందుకే నమ్మింది. రోజూ నవ్వుతూ అన్నం పెట్టింది."

సింకాలా ఇంటి గుమ్మం వైపు చూశాడు.

"నువ్వు పుట్టకముందు మాట. నేనూ మీ నాన్నా లెక్కలు రాక గని పరీక్ష రెండుసార్లు తప్పాం," అన్నాడు మెల్లగా. "మాకు మైనస్సులు నేర్పింది మీ అమ్మే."