ఇరవయ్యో కాగితం

కొత్తగా చేరిన ఆవిడ కొప్పులో కలం దోపుకుని పనికి వచ్చింది.

లాండ్రీ ఇస్త్రీ గదిలో ఆడవాళ్ళు ఆ పూటే ఆవిడకు 'కలం' అని పేరు పెట్టేశారు.

నెల తిరక్కుండానే టీ వేళకు అందరూ ఆవిడ చుట్టూ చేరడం మొదలైంది. ఒకరికి మందుచీటీ చదివిపెట్టాలి, ఇంకొకరికి కూతురి బడి నుంచి వచ్చిన ఉత్తరం.

పెద్దక్క ఒక్కతే దూరంగా, చల్లారిన టీ పట్టుకుని కూర్చునేది.

పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలో తగువొస్తే తీర్పు పెద్దక్కదే. దుప్పటి మడత కుదిరిందో లేదో చెప్పేది ఆమె. ఎవరి మొగుణ్ణి ఎంతవరకు భరించాలో చెప్పేదీ ఆమే.

ఆమెకు చదువు రాదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. గోడమీద కాగితం అంటిస్తే, "చదవవే, నీ నోట విందాం" అని ఎవరో ఒకరి చేత చదివించేది.

"ఏం చదువులో, కాలరు తిరగెయ్యడం రాదు," అనేది పెద్దక్క, కలానికి వినబడేలా.

కలం నవ్వేసి, కాలరు మళ్ళీ ఇస్త్రీ చేసేది. ఆ నవ్వు పెద్దక్కకు కంట్లో కారం.

ఒకరోజు విశ్వవిద్యాలయం నుంచి ఒక సమాజశాస్త్రవేత్త వచ్చింది. మనిషి తనను తాను ఎవరనుకుంటాడు, మంచీ చెడూ ఎలా తేల్చుకుంటాడు అన్నది ఆవిడ పరిశోధన. అందరూ టీచరమ్మ అన్నారు.

ఇరవై మందికీ తలా ఒక కాగితం ఇచ్చింది.

"పేర్లు వద్దు, పైన నంబరుంది. రాయడం రానివాళ్ళు ఎవరిచేతనైనా రాయించి ఈ పెట్టెలో వెయ్యండి. రెండు వారాల్లో వచ్చి, మీరు చెప్పిందేనా కాదా అని ఒక్కొక్కరికీ చదివి వినిపిస్తాను."

అందరూ కలం దగ్గరికే పరిగెత్తారు. రాయడం వచ్చినవాళ్ళు కూడా.

"నీ అక్షరాలు ముత్యాలు తల్లీ, మావి కోడి కెలికినట్టుంటాయి."

పెద్దక్క కాగితం రెండు చేతులా పట్టుకుని దీక్షగా చూస్తోంది.

పక్కనుంచి వెళ్తూ కలం, ఎవరూ చూడకుండా, ఆ కాగితాన్ని ఆమె చేతుల్లోనే తిప్పింది. అంతదాకా అది తలకిందులుగా ఉంది.

ఒక్క మాట అనలేదు. అందుకే పెద్దక్కకు మరీ మండింది.

మధ్యాహ్నం దుప్పట్లు పేర్చే గదిలో పెద్దక్క కలాన్ని ఒంటరిగా పట్టుకుంది.

"వేలు కాలింది. నేను చెప్తా, నువ్వు రాయి."

కలం ఆ వేలి వంక చూడలేదు. కొప్పులోంచి కలం తీసి ఎడమచేత్తో పట్టుకుంది.

"అందరివీ కుడిచేత్తో రాశావు. నా దగ్గరికొచ్చేసరికి ఎడమచెయ్యా? అంత లోకువైపోయానా?"

"కానిద్దాం పెద్దక్కా. మొదటిది, మీరెవరు?"

"ఈ గదికి పెద్దదాన్ని."

"ఇక్కడ మంచి మనిషి ఎవరు, ఎందుకు?"

"నేనే. ఎందుకో ఈ గోడల్నడగమను."

"గోడలు కూడా రాయనా?"

"రాయి."

"నమ్మకూడని మనిషి?"

పెద్దక్క ఆమె కళ్ళలోకి చూసింది.

"కొప్పులో కలం పెట్టుకున్నది. నిన్న గాక మొన్న వచ్చి నా చోట కూర్చుంది. రాయి."

కలం మెల్లగా, వంకరటింకరగా రాసింది.

ఆ తర్వాత మూడు రోజులు పెద్దక్క చేతిలో ఇస్త్రీపెట్టె నిలవలేదు. కలం ఆ మాటలే రాసిందా? తనను తాను పొగుడుకుని ఉంటుంది. ఇవాళ కాకపోతే రేపు నా గుట్టు కూడా అందరికీ చెప్పేస్తుంది.

నాలుగో రోజు టీ వేళ లేచి నిలబడింది.

"పెట్టెలో కాగితాలు తీసి చదివాను. మీరు చెప్పిందొకటి, ఇది రాసిందొకటి. మంచి మనిషి అన్నచోటల్లా తననే రాసుకుంది."

గ్లాసులు కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"మరి నీది?" అంది బొత్తాలు కుట్టే ఆవిడ.

"నాది నేనే రాసుకున్నా. నాకేం ఖర్మ?"

అందరూ కలం వైపు తిరిగారు.

ఒక్క మాట చాలు. అది కలం నాలుక చివరే ఉందని పెద్దక్కకు తెలుసు.

"మాట్లాడవేమమ్మా?" అంది బొత్తాలావిడ.

"పెద్దక్క చదివానంటున్నారుగా," అంది కలం. "నేనేం చెప్పను?"

పెద్దక్క చెప్పాక పెట్టె తెరిచి చూడాలని ఎవరికీ తోచలేదు. మర్నాటి నుంచి కలం దుప్పటి విప్పితే రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. అంత పెద్ద దుప్పటి ఒక్క మనిషి మడవగలిగేది కాదు.

వారం చివర ఆవిడ ఏప్రాన్ మేకుకు తగిలించి వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరూ అడగలేదు.

అన్నట్టే టీచరమ్మ వచ్చింది. ఒక్కొక్కరినే దుప్పట్ల గదిలోకి పిలిచి చదివి వినిపించింది.

లోపలికి వెళ్ళిన ప్రతి మనిషీ తల వంచుకునే బయటికొచ్చింది.

"చెప్పింది చెప్పినట్టే ఉంది," అంది బొత్తాలావిడ తనలో తను అనుకున్నట్టు. "మధ్యలో మా ఆడపడుచును తిట్టిన తిట్టు కూడా వదల్లేదు."

ఆఖరున పెద్దక్క వెళ్ళింది.

టీచరమ్మ గోడలతో సహా చదివింది. "నమ్మకూడని మనిషి, కొప్పులో కలం పెట్టుకున్నది. నిన్న గాక మొన్న వచ్చి నా చోట కూర్చుంది. ఇదేనా అమ్మా?"

ఒక్క అక్షరం మారలేదు.

"అదే," అంది పెద్దక్క.

టీచరమ్మ కాగితాలు సర్దుతూ ముచ్చటగా నవ్వింది.

"మిగతా పందొమ్మిదీ ఒకే చేతిరాతమ్మా, ముత్యాల్లా ఉన్నాయి. మీదొక్కటే వేరు, ఇప్పుడిప్పుడే అక్షరాలు దిద్దినట్టు వంకరగా ఉంది. అయితేనేం, ఒకరి చేత రాయించుకోకుండా తనది తనే రాసుకున్న మనిషి ఈ గది మొత్తానికీ మీరొక్కరే."