పందికొక్కు పోసిన నారు

కోతలైపోయిన సజ్జచేను గట్టు మీద జీవాలన్నీ చేరి సంఘం పెట్టుకున్నాయి. ఎవరికి గింజలు దొరికినా సగం తుమ్మచెట్టు తొర్రలో వెయ్యాలి, కరువు రోజుల్లో అందరూ పంచుకు తినాలి. ఎక్కడ గింజ కనిపించినా నలుగురినీ పిలిచే గుణం ఉందని కౌజుపిట్టను సంఘానికి పెద్దగా ఎన్నుకున్నాయి.

పందికొక్కుకు ఒళ్లు మండిపోయింది.

"చేనంతా తవ్వేది నేను. కన్నం నిండా కంకులున్నది నాకు. గుప్పెడు లేని ఆ పిట్ట నాకు పెద్దా?" అంది ఉడుతతో.

"నువ్వు ఏనాడైనా ఎవరినైనా పిలిచావా మామా?" అంది ఉడుత.

ఆ మాటతో మంట ఇంకా పెరిగింది. సంఘానికి ఒక్క గింజ కూడా దక్కకూడదని, తన కంకులన్నీ మోసుకెళ్లి గట్టు అవతల గొయ్యి తీసి పాతేసింది.

నెల తిరిగేసరికి తొర్ర ఖాళీ అయింది. జీవాలన్నీ పస్తులున్నాయి. అయినా పందికొక్కు నోరు విప్పలేదు.

అంతలో వాన పడింది. నాలుగో రోజున కౌజుపిట్టకు గట్టు అవతల పచ్చని మొలకలు ఒత్తుగా కనిపించాయి. వానకు మట్టి కొట్టుకుపోయి, వాటి వేళ్ల దగ్గర పందికొక్కు కొరికిన కంకులు బయటపడ్డాయి. పిట్టకు సంగతి అర్థమైంది. అయినా గొంతెత్తి అందరినీ పిలిచింది.

"చూడండి, మన కొక్కు మామ ముందుచూపుతో సంఘానికి నారు పోశాడు! సగం తిందాం, సగం చేలో నాటుదాం."

జీవాలన్నీ పందికొక్కు చుట్టూ చేరి మెచ్చుకున్నాయి. అది మాత్రం పిట్ట వైపే గుడ్లురిమి చూస్తోంది. తనను కాపాడే ఆ అబద్ధం కూడా తనకంటే ముందు పిట్టకే తట్టిందే అని పందికొక్కు కడుపు మళ్లీ మండింది.