తొంభై నంబర్ల సంచి

"ఈ ఏడు ఆట వద్దు నాన్నా," అంది కూతురు. కేకు కోసిన కత్తి కడుగుతూ, వెనక్కి తిరగకుండానే అంది.

"క్రిస్మస్ మధ్యాహ్నం హౌసీ ఆడకపోతే మీ అమ్మ ఊరుకుంటుందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అమ్మ లేదుగా."

"అందుకే నేను పిలుస్తాను. రండి."

ముప్ఫై నాలుగేళ్లు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి ఆయన. తక్కెడ పళ్లెం కింద అంటించిన మైనం ముద్దను వీధి మొదట్లోంచే పసిగడతాడని పేరు. రండి అన్నాక రాకుండా ఎవరుంటారు? కొడుకు వచ్చాడు. బస్సు నడిపే అల్లుడు వచ్చాడు. ముందుపళ్లు రెండూ ఊడిన మనవరాలు అందరికంటే ముందొచ్చి టికెట్లు పంచింది. కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తన టికెట్ ఎవరికీ కనబడకుండా గుండెకు ఆనించుకుంది.

టికెట్‌కు పదిహేను నంబర్లు. సంచిలో తొంభై బిళ్లలు. పిలిచిన నంబరు ఉంటే కొట్టేసుకోవాలి. ఏ వరసైనా ముందు పూర్తి చేసినవాళ్లకు సాక్సులు, పదిహేనూ అయితే హౌస్, బిస్కెట్ల డబ్బా. నలభై ఏళ్లూ ఆ సంచి పట్టుకుని పిలిచింది ఆయన భార్యే. ఎవర్నీ అందులో చెయ్యి పెట్టనిచ్చేది కాదు. మొన్న వానల్లో ఆవిడ పోయాక, బీరువాలో ఆవిడ బట్టల కింద దొరికింది సంచి.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి లోపల పెట్టాడు. బిళ్లలు తగల్లేదు. ఇంకా లోతుకు పెట్టాడు. నున్నగా, గుండ్రంగా, మధ్యలో నాలుగేసి చిల్లులతో ఏవో తగిలాయి. సంచి మూతి ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

బొత్తాలు. చొక్కా బొత్తాలు, కోటు బొత్తాలు, ఒక విరిగిన హుక్కు. కోటు బొత్తాల్లో రెండు తనవే. నంబరు బిళ్ల ఒక్కటంటే ఒక్కటి లేదు.

దీపం కిందే చీకటి అంటారు. ఊళ్లో ప్రతి దుకాణంలో రాళ్లు తూచి చూసినవాడు, సొంత ఇంట్లో ఈ సంచి మూతి మాత్రం విప్పలేదు.

"ఏమైంది మామయ్యా?" అన్నాడు అల్లుడు.

నలుగురూ పెన్సిళ్లు పట్టుకుని చూస్తున్నారు. నిజం చెబితే పోయిన మనిషి దొంగవుతుంది. చెప్పకపోతే ఉన్న మనిషి అవుతాడు.

"ఇరవై మూడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆయన జీవితంలో అదే మొదటి దొంగ తూకం. ఇంటి కప్పు కూలలేదు. కొడుకు తన టికెట్ మీద ఏదో కొట్టేసుకున్నాడు.

"ఏడు. నలభై ఏడు. ముప్ఫై. నలభై ఏడు."

"తాతయ్యా, నలభై ఏడు ఇందాకే అయిపోయింది."

"తెలుసు. వినపడని వాళ్ల కోసం."

"అమ్మమ్మ కూడా అలాగే చెప్పేది," అంది మనవరాలు, అనుమానమేమీ లేకుండా.

ఆయన ఒక కాగితం తీసుకుని, పిలిచిన నంబర్లన్నీ రాసుకోవడం మొదలుపెట్టాడు. తప్పుడు పనైనా పద్ధతిగా చెయ్యాలి కదా.

అప్పుడు ఆయనకు ఇంకో సంగతి తట్టింది. మోకాళ్ల నొప్పులతో కూడా ఆవిడ ఆటంతసేపూ కుర్చీల వెనకాల తిరుగుతూనే పిలిచేది. కూర్చోవే అని ఎన్నిసార్లు కసిరాడో లెక్క లేదు. ఆయన లేచాడు. కుర్చీల వెనక్కి వెళ్లి చూస్తే టికెట్లు అరచేతిలో గీతల్లా కనబడుతున్నాయి.

అల్లుడికి పై వరసలో ఎనిమిది ఒక్కటే మిగిలింది. "ఎనిమిది," అన్నాడు. నలభై మందిని ఎక్కించుకుని కొండ దారిలో బస్సు నడిపే మనిషి, రెండు సాక్సుల కోసం సోఫా మీంచి గెంతాడు. మనవరాలికి మధ్య వరసలో యాభై కావాలి. నలభై తొమ్మిది అన్నాడు. యాభై ఒకటి అన్నాడు. ఆ పిల్ల పెన్సిలు నమిలేస్తుంటే, తీరిగ్గా ఒక గుక్క నీళ్లు తాగి, "యాభై," అన్నాడు. పిల్ల ఆయన కాళ్లను చుట్టేసింది.

ఇన్నేళ్లూ ఈ వేడుకంతా ఆవిడ ఒక్కతే అనుభవించిందన్నమాట. ఒక్క మాటైనా చెప్పలేదు.

చిక్కల్లా కూతురితోనే. టికెట్ గుండె మీంచి కదపడం లేదు. అమ్మ పోయినప్పట్నుంచి ఆమె మొహం అలాగే ఉంది, తాళం వేసిన దుకాణంలా. ఆయన ఆమె పుట్టిన తేదీ పిలిచాడు. ఏమీ లేదు. పెళ్లి తేదీ పిలిచాడు. ఏమీ లేదు. చిన్నప్పటి బడి రోల్ నంబరు గుర్తు తెచ్చుకుని మరీ పిలిచాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఇంతలో మనవరాలికి అరవై ఒకటి ఒక్కటే మిగిలింది. ఇక తప్పదని ఆయన నోరు తెరిచాడు.

"హౌస్," అంది కూతురు.

హౌస్ అన్నవాళ్ల టికెట్‌ను పిలిచిన మనిషి సరిచూడాలి. ఆమె తెచ్చి ఇచ్చి, ఎదురుగా నిలబడింది. ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒక పక్క టికెట్, ఒక పక్క తన కాగితం పెట్టుకుని, ఒక్కో నంబరు మీద వేలు ఉంచి చూశాడు. అయ్యాక మళ్లీ మొదట్నుంచి చూశాడు. తలెత్తి కూతుర్ని చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు.

"సరిగ్గా ఉంది," అన్నాడు.

బిస్కెట్ల డబ్బా చేతికివ్వగానే ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. గోడకు ఆనుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఎందుకో తెలియకుండానే మిగిలినవాళ్లకూ అంటుకుంది.

"వచ్చే ఏడు కూడా నువ్వే పిలవాలి నాన్నా," అంది ఊపిరి తీసుకుని.

"చూద్దాం," అని ఆయన ఆ టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె కొట్టేసిన పదిహేను నంబర్లలో ఆయన పిలిచినవి నాలుగే.