అదనపు ఫ్యూజు

చౌకరకం ప్లగ్గును తల్లి ముచ్చటగా మూడోసారి తీసి కౌంటరు మీద పెట్టింది. కూతురు దాన్ని మూడోసారీ పట్టుకెళ్ళి డబ్బాలో పడేసింది.

“హాస్టల్ గదికి అది చాలదుటే?” అంది తల్లి.

“చాలదమ్మా. పట్టుకుంటేనే నొక్కుకుపోతోంది. దాంట్లో లాప్‌టాప్ పెట్టాక నాకు కంటిమీద కునుకుంటుందా?”

కౌంటరు వెనక దుకాణదారు నవ్వు ఆపుకున్నాడు. కాలేజీలు తెరిచే రోజుల్లో ఆయన కొట్లో ఈ పేచీ మామూలే. గుమ్మం పక్కన పరుపుచుట్ట, పెట్టె ఉన్నాయి. పిల్లకి సీటొచ్చింది, తల్లికి ఖర్చంటే బెంగ, పంపాలంటే అంతకు మించిన బెంగ. మొహాలు చూసి మనుషుల్ని చదివేయగలనని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇంట్లో ఎన్నిసార్లు బోల్తా కొట్టినా, కొట్లోకి వచ్చేసరికి లేచి కూర్చునేది.

“అమ్మాయి చెప్పిందే నిజమమ్మా,” అంటూ రెండు ఎక్స్‌టెన్షన్ బాక్సులు తీసి పక్కపక్కన పెట్టాడు. ఒకటి పెళ్ళికొడుకులా ఉంది. రంగు లైట్లు, తళతళలాడే మూత, బారెడు కాదు, బోలెడంత వైరు. రెండోది బోసిగా, బరువుగా ఉంది. అమ్మాయి పెళ్ళికొడుకు వంక చూడనైనా చూడలేదు. రెండోదాని వైరును వేళ్ళతో నలిపి మందం చూసింది. ప్లగ్గుకి మూడు పిన్నులూ ఉన్నాయని చూసుకుంది. ఫ్యూజు ఎక్కడుందో, ఒక్కో సాకెట్టుకి విడిగా స్విచ్చు ఉందో లేదో ఆరా తీసింది. ధర పెళ్ళికొడుకు కంటే తక్కువేనని తెలిశాక తల్లి వైపు గర్వంగా చూసింది.

“అయినా డబ్బాలోదాని కంటే ఎక్కువేగా,” అని తల్లి గొణిగింది.

దీన్ని ఎలా వాడాలో దుకాణదారు అమ్మాయికి చెప్పబోయాడు. తనకు కాదని, అమ్మకి చెప్పమని అందా పిల్ల. తల్లికి నమ్మకం కుదిరితే గానీ పర్సు తెరుచుకోదని గ్రహించి ఆయన అటు తిరిగాడు. ఫోను, లాప్‌టాప్, టేబుల్ లైటు, వీటికి ఢోకా లేదన్నాడు. ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే రాడ్డు మాత్రం దీనికి తగిలించొద్దన్నాడు. వార్డెన్ చూస్తే సామాను బయట పెట్టిస్తుంది, చూడకపోతే బాక్సు కాలుతుంది, రెండూ మనకి మంచివి కావన్నాడు. దుప్పటి కింద పెట్టొద్దని, ఒక బాక్సులో ఇంకో బాక్సు గుచ్చొద్దని చెప్పాడు. తల్లి ప్రతి మాటకీ బుద్ధిగా తలూపింది. ఇంత శ్రద్ధగా వినే తల్లులు అరుదని ఆయన ముచ్చటపడ్డాడు.

తర్వాత టేబుల్ లైటు వంతు వచ్చింది. అమ్మాయి ఒకదాన్ని వెలిగించి, దాని కింద కాయితం ముక్క పెట్టి, అక్షరాలు కనిపిస్తున్నాయా అని తల్లిని అడిగింది. తల్లి కళ్ళు చికిలించి చూసింది. చూస్తూ చూస్తూనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“వద్దే. మానేద్దాం. ఇంకా మించిపోయింది లేదు. వంటా వార్పూ ఎవరు చూస్తారు? నాన్నమ్మకి వేళకి మందులెవరిస్తారు?”

దుకాణదారుకి ఒళ్ళు మండింది. చదువుకోవాల్సిన మనిషిని వంటింటికి కట్టేసే మాటలు వింటే ఆయన నోరు ఊరుకోదు.

“ఏమనుకోకండి చెల్లెమ్మా. ఇల్లంటారా, ఎలాగోలా నడుస్తుంది. వచ్చిన సీటు వదులుకుంటే మళ్ళీ వస్తుందా? మీ పెద్దవాళ్ళు మిమ్మల్ని ఇలాగే ఆపేస్తే మీకెలా ఉండేది?”

తల్లి తలెత్తి ఆయన వంక చూసింది.

“ఆపేశారండీ,” అంది నెమ్మదిగా.

అమ్మాయి ఏదో చెప్పబోయింది గానీ, తల్లి ఆమె చెయ్యి పట్టుకుని నొక్కడంతో ఊరుకుంది. చివరికి తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుని, బాక్సూ లైటూ రెండూ కట్టెయ్యమంది.

దుకాణదారు ఛాతీ ఇంత వెడల్పయింది. ఒక చదువు నిలబెట్టానన్న సంతోషంలో అడక్కుండానే ధర తగ్గించాడు. ఒక అదనపు ఫ్యూజు కూడా ఊరికే ఇస్తానన్నాడు. సామాను మోసుకుంటూ వాళ్ళిద్దరూ రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బస్టాపు వైపు వెళ్తుంటే, తన కూతురినే పంపుతున్నట్టు చూస్తూ నిలబడ్డాడు. బస్సు వచ్చి ఆగాక గానీ, ఇస్తానన్న ఫ్యూజు కౌంటరు మీదే ఉండిపోయిందని చూసుకోలేదు.

కొట్టు అలాగే వదిలేసి పరుగెత్తాడు. తల్లి కిటికీ పక్కన, కొత్త బాక్సు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన అందించిన ఫ్యూజును రెండు చేతులతో తీసుకుని, జాగ్రత్తగా పర్సులో దాచుకుంది. బస్సు కదిలింది. అప్పుడు చూశాడాయన, అమ్మాయి ఇంకా కిందే నిలబడి ఉంది.

“ఆపవయ్యా, చదువుకునే పిల్ల కిందే ఉండిపోయింది,” అంటూ బస్సును అరచేత్తో బాదబోయాడు.

అమ్మాయి చప్పున ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఆపించకండి బాబాయ్ గారూ. ఆపితే దిగిపోతుంది. సీటొచ్చింది మా అమ్మకి.”