పదిహేడో నంబరు మేకు

తలుపు చప్పుడు కాగానే సంపత్ చేతిలోని తాళంచెవిని గబుక్కున లుంగీ మడతలో దోపుకున్నాడు. లోపలి అర్రలోంచి రమ మూలుగు వినబడుతోందేమోనని చెవి ఒగ్గి చూశాడు. ఏమీ లేదు. మొహం మామూలుగా పెట్టుకుని తలుపు సగం తీశాడు.

ఎదురుగా పాతికమంది ఆడవాళ్ళు. శ్రీరాంపూర్ బొగ్గుబాయి క్వార్టర్లలో అతని లైనువాళ్ళే అంతా. అందరికన్నా ముందు మూడిళ్ళ అవతలుండే ముసలామె శంకరవ్వ.

"రమ ఏది బిడ్డా?"

"పెద్దపల్లి పోయింది. తల్లిగారింటికి."

"ఎప్పుడు పోయింది?"

"పొద్దుగాల, ఫస్ట్ బస్సుకు."

"చెప్పులు ఈడనే ఉన్నయి గదా!" అంది వెనక నుంచి దీపిక.

సంపత్ గడప పక్కకు చూశాడు. నిజమే, ఉన్నాయి. "కొత్తయి ఏసుకున్నది," అన్నాడు.

పైకి అలా అన్నాడు గానీ అతని బుర్ర ఇంకో చోట తిరుగుతోంది. ఎలా తెలిసింది వీళ్ళకి? తెల్లవారి ఆరింటికి చెయ్యి ఎత్తేముందే టీవీ సౌండు పెంచాడు. కిటికీ మూశాడు. రమ ఫోను గుంజుకున్నాడు. పెళ్ళాన్ని కొట్టడంలో అంత జాగ్రత్తగల మనిషి!

"ఎవలన్న చెప్పిండ్రా మీకు? నా ఇంట్ల లొల్లి ఇనబడ్డదా?"

"ఇనబడలే."

"రమ ఫోన్ జేసిందా?"

"చెయ్యలే."

"మరెందుకొచ్చిండ్రు?"

శంకరవ్వ నల్లా గోడ వైపు చెయ్యి చూపించింది. గోడకు మేకుల వరస. మేకు మేకుకూ నూనెడబ్బా రేకుతో కోసిన బిళ్ళ, బిళ్ళ మీద క్వార్టర్ నంబరు. సంపత్ రోజూ ఆ దారినే డ్యూటీకి పోతాడు. పిల్లల ఆట సామాను అనుకునేవాడు.

"పొద్దుగాల నీళ్ళకొచ్చినామె తన బిళ్ళ తగిలియ్యాలె. తొమ్మిది దాక చూస్తం. ఊరికి పోయేటామె ముందుగాలనే చెప్పి పోతది. చెప్పకుంట మేకు ఖాళీగుంటే గా ఇంటికి పోతం. ఒకలిద్దరం గాదు, అందరం. ఇయ్యాల పదిహేడో నంబరు మేకు ఖాళీ."

పదిహేడు సంపత్ ఇల్లే. కానీ అతనికి కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. ఇది అచ్చంగా బాయి పద్ధతి! దిగేవాడు తన ఇత్తడి బిళ్ళ తీసుకుని దిగాలి, పైకొచ్చాక మేకుకు తగిలించాలి. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అతను దొరికేదాకా ఎవరూ ఇంటికి కదలకూడదు. ఆ బోర్డు దగ్గర కూర్చునేది సంపతే. పదకొండేళ్ళలో ఒక్క మనిషిని కూడా కింద మరిచిపోలేదని బాయి మీద అతనికి మంచి పేరు.

"గిది బాయి పద్ధతి గదా! మీకెవలు నేర్పిండ్రు?"

"మా లీడరు."

"ఆమెకెట్ల తెలుసు?"

"ఇంటాయన చెప్పిండట. దినాం అన్నం ముందల గదే ముచ్చటనట. మేకు ఖాళీగుంటే మనిషి లోపల్నే ఉన్నట్టు, వాడే నడిచొస్తడని సూసుకుంట కూసోవద్దు, మనమే దిగి తేవాలె అని." శంకరవ్వ పక్కనున్న అనసూర్య భుజం మీద చెయ్యి వేసింది. "రెండేండ్ల కింద గీమె పెనిమిటి గీమెను మూడు దినాలు ఇంట్ల నుంచి కదలనియ్యలే. పక్కింట్లుండి గూడ మాకు తెల్వకపాయె. గప్పుడు కొట్టింది మా లీడరు గీ మేకులన్ని."

అనసూర్య తల దించుకోలేదు. సూటిగా సంపత్ కళ్ళల్లోకే చూస్తోంది.

సంపత్ లోలోపల లైనంతా వెతికాడు. మొండయ్య పెళ్ళామా? పరశురాములు పెళ్ళామా? బాయి సంగతులన్నీ ఇంట్లో ఆడదాని ముందు వాగిన దద్దమ్మ ఎవడు? ఎవడైతేనేం, ఆ ఒక్కదాన్ని బెదిరిస్తే మిగతా మంద దానంతటదే చెదిరిపోతుంది.

"మీ అందరితోని నాకు మాటలేంది?" అన్నాడు గొంతు పెంచి. "మీ లీడరును పిలువుండ్రి. ఏమున్నా ఆమెతోనే తేల్చుకుంట."

ఎవరూ కదలలేదు. శంకరవ్వ అతని భుజం మీదుగా, ఇంట్లో తాళం వేసి ఉన్న లోపలి అర్ర తలుపు వైపు చూసింది.

"పిలుస్తం బిడ్డా. ముందుగాల నువ్వు గా అర్ర తాళం తియ్యి."